గిటార్ నాదానికి వాల్వా.. చిప్పా?

విద్యుత్ గిటార్‌ను ఆంప్లిఫయరుకు తగిలించకుండా మీటితే వచ్చే శబ్దం పక్క గదిలోని వారికి కూడా సరిగా వినిపించదు. బోలు శరీరం లేని ఆ చెక్క పలకకు గొంతునిచ్చేది ఆంప్లిఫయరే. తొలినాళ్లలో ఈ పనిని గాజు వాల్వులు చేశాయి. 1990ల మధ్య నుంచి ఆ వాల్వుల నాదాన్ని లెక్కగట్టి అనుకరించే డిజిటల్ యంత్రాలు రంగంలోకి దిగాయి. ఇంట్లో సాధన చేసుకునే విద్యార్థి మొదలు ప్రపంచ ప్రసిద్ధి పొందిన బృందాల వరకు ఎందరో నేడు వీటిని వాడుతున్నారు. అయినప్పటికీ 'ఎన్ని వచ్చినా వాల్వు వాల్వే' అనే వాదన మాత్రం సద్దుమణగలేదు.

చర్చి గాయక బృందాల్లోను, కళాశాల వార్షికోత్సవాల్లోను, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోను గిటార్ పట్టుకునే మన యువకులకు కూడా కొనుగోలు వేళ ఈ ప్రశ్న ఎదురవుతోంది. చాలామందికి ఇది అప్పోసప్పో చేసి కొనే వస్తువు. అందువల్ల ఈ రెండు యంత్రాల మధ్య తేడా ఎక్కడ ఉన్నదో, ఆ తేడా ఎవరి చెవికి అందుతుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

వాయిద్యంలో సగం ఆంప్లిఫయరే

మైకు సెట్టులోని ఆంప్లిఫయరు పని ఉన్న శబ్దాన్ని ఉన్నట్టుగా పెద్దది చేయడం. ఉపన్యాసకుని గొంతు మారిపోయి వినిపించిందంటే ఆ సెట్టులో లోపమున్నట్లే లెక్క. గిటార్ ఆంప్లిఫయరు సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. అది శబ్దాన్ని మార్చితీరాలి. ఎంత ఇంపుగా మారిస్తే అంత మంచి యంత్రమని పేరు. వీణకు కుండ ఎటువంటిదో విద్యుత్ గిటార్‌కు ఆంప్లిఫయరు అటువంటిది. కుండ లేని వీణను ఎవరూ వీణ అనరు.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండలిన్ విద్వాంసుడు యు.శ్రీనివాస్ వాయించినది విద్యుత్ మాండలినే. పొట్టి తీగల వాయిద్యంలో నాదం మీటిన మరుక్షణం ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలవాలి. ఆ నిలకడను ఆంప్లిఫయరు ఇచ్చింది. పాశ్చాత్య వాయిద్యంపై రాగాలాపన సాధ్యమేనా అని సందేహించిన వారిని కూడా ఆ నాదం తలలూపించిన సంగతి తెలిసిందే.

గాజు బుడ్డిలో జరిగేదేమిటి?

పాతకాలపు వాల్వు రేడియోను వెనుక నుంచి తొంగి చూసినవారికి లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్లు గుర్తుండే ఉంటాయి. స్విచ్చి వేసిన తర్వాత అవి వేడెక్కితే గాని పాట వచ్చేది కాదు. అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన మూడు ధ్రువాల వాల్వు ఆధారంగానే ఇవన్నీ పుట్టుకొచ్చాయి.

గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒకవైపు వేడెక్కే లోహపు గొట్టం, మరొకవైపు వందల వోల్టుల విద్యుత్తు ఇచ్చిన లోహపు రేకు ఉంటాయి. వేడెక్కిన గొట్టం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు రేకు వైపు పరుగెత్తుతాయి. ఈ రెంటి నడుమ సన్నని తీగ జాలీ ఉంటుంది. కాలువకు తూము తలుపు ఎటువంటిదో ఈ ప్రవాహానికి ఆ జాలీ అటువంటిది. తలుపును కాస్త ఎత్తితే చాలు, పొలానికి పారే నీరు ఎంతో మారిపోతుంది. గిటార్ తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్టలో పుట్టే విద్యుత్తు సాధారణంగా ఒక వోల్టుకు కూడా చేరదు. ఆ బలహీనమైన కదలిక జాలీని తాకితే, అవతల పెద్ద ప్రవాహం దాని తాళానికే ఆడుతుంది.

ఇంతవరకు మైకు సెట్టుకూ దీనికీ భేదం లేదు. అసలు కథ తూము పూర్తిగా తెరుచుకున్న తర్వాత మొదలవుతుంది. తలుపును ఇంకా ఎత్తినా కాలువలో ఉన్న నీటికి మించి రాదు గదా. అలాగే గిటార్ నుంచి వచ్చే సంకేతం మితిమీరితే వాల్వు ఇక పెంచలేక చేతులెత్తేస్తుంది. శబ్ద తరంగపు శిఖరం పైకి లేవక ఒరిగిపోతుంది. ఇంజినీర్ల భాషలో ఇది లోపం. రాక్ సంగీతానికి మాత్రం ఇదే పునాది.

తంబురా చెప్పే పాఠం

శిఖరం ఒరిగితే చెవికి ఎందుకు ఇంపుగా ఉంటుందన్నది సంగీతం తెలిసిన తెలుగు పాఠకులకు సులభంగానే బోధపడుతుంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో షడ్జమ తీగను మీటినప్పుడు ఎవరూ వాయించని అంతర గాంధారం సన్నగా వినిపిస్తుంది. కారణం, ఏ తీగ అయినా ఒకే స్వరంతో కంపించదు. దాని వెంట రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు వేగం గల అనుస్వరాలు కూడా పలుకుతుంటాయి. రెండు రెట్లది తారస్థాయి షడ్జమం. మూడు రెట్లది ఆ పైనున్న పంచమం. ఐదు రెట్లది అంతర గాంధారం. ఏడు రెట్లది మాత్రం మన పన్నెండు స్వరస్థానాల్లో దేనిలోనూ సరిగా ఇమడదు.

తరంగం ఆకారం మారితే ఈ అనుస్వరాల పాళ్లు మారతాయి. వాల్వులో శిఖరం సాధారణంగా నెమ్మదిగా, గుండ్రంగా ఒరుగుతుంది. అప్పుడు రెండు, మూడు రెట్ల స్వరాలు బలపడతాయి. షడ్జమ, పంచమాలే కాబట్టి నాదం నిండుగా తోస్తుంది. తొలితరం ట్రాన్సిస్టర్ యంత్రాల్లో శిఖరాన్ని చాకుతో కోసినట్టు తెగ్గోసేవారు. దానితో ఏడు, తొమ్మిది, పదకొండు రెట్ల స్వరాలు పైకి లేచి చెవిని గీరేవి. ట్రాన్సిస్టర్‌ను నిందించి లాభం లేదు. దాని చుట్టూ అల్లిన సర్క్యూట్ తీరు అది. స్వచ్ఛమైన నాదానికి పేరొందిన జపాన్ యంత్రం రోలాండ్ జెసి-120 ట్రాన్సిస్టర్లతోనే 1975లో వచ్చింది. నేటికీ దానిని మెచ్చుకునేవారున్నారు.

ఇక్కడ మరొక విశేషం. మితిమీరిన వాల్వులోకి రెండు స్వరాలు ఒకేసారి వెళితే వాటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. షడ్జమ పంచమాల నిష్పత్తి రెండుకు మూడు. తేడా ఒకటి. అంటే కింది స్థాయి షడ్జమం. వాయించినవి రెండు స్వరాలైతే కింద మంద్రం కూడా దానంతటదే చేరుతుంది. రాక్ గిటారిస్టులు గాంధారాన్ని వదిలి షడ్జమ పంచమాలనే జంటగా పట్టుకోవడానికి కారణమిదే. ఆ జంటను వారు పవర్ కార్డ్ అంటారు. గాంధారం చేరిస్తే తేడా స్వరాలు ఎక్కువై గజిబిజి అవుతుంది.

ప్రమాదం నుంచి పుట్టిన బాణీ

ఈ లోపాన్ని ఎవరో పరిశోధించి కనిపెట్టారనుకుంటే పొరపాటే. 1951 మార్చిలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సామ్ ఫిలిప్స్ స్టూడియోకు ఐక్ టర్నర్ బృందం వచ్చింది. దారిలో వారి గిటార్ ఆంప్లిఫయరు దెబ్బతిన్నది. స్పీకరు చిరిగింది. మరమ్మతుకు వ్యవధి లేక అందులో కాగితం కుక్కి అలాగే రికార్డు చేశారు. 'రాకెట్ 88' అనే ఆ పాటలో వినిపించిన గరగర శబ్దం జనానికి నచ్చింది. 1964లో లండన్‌కు చెందిన కింక్స్ బృందంలో డేవ్ డేవిస్ తన స్పీకరు కాగితాన్ని కావాలనే బ్లేడుతో కోశాడు. అప్పటికి లోపం కాస్తా కోరిక అయిపోయింది.

ఆంప్లిఫయర్ల కథ కూడా చిన్న దుకాణాల నుంచే మొదలైంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్‌టన్‌లో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ 1946లో తన పేరిట కంపెనీ స్థాపించాడు. దాని బాస్‌మన్ ఆంప్లిఫయరు ఎంతో పేరు తెచ్చుకున్నది. లండన్ పశ్చిమ శివారు హాన్‌వెల్‌లో డ్రమ్ములు నేర్పుతూ వాయిద్యాల దుకాణం నడిపే జిమ్ మార్షల్, అమెరికా సరుకు తన ఖాతాదారులకు అందుబాటులో లేదని గమనించి 1962లో అదే బాస్‌మన్ సర్క్యూట్‌ను అనుసరిస్తూ స్థానిక విడిభాగాలతో సొంత యంత్రాన్ని తయారుచేయించాడు. విడిభాగాలు మారడంతో నాదమూ మారింది. మార్షల్ నాదం అంటూ తర్వాత ప్రపంచమంతా మోజుపడినది దానికే. అసలు వాల్వు యంత్రాలే ఒకదానికొకటి అనుకరణలన్న మాట. 'డిజిటల్ అంటే నకలు' అని తీసిపారేసేవారు దీనిని మరచిపోతుంటారు.

కాగా వాల్వు యంత్రపు స్వభావం వాల్వులతోనే ముగియదు. ఊళ్లో బోరు మోటారు వేయగానే ఇంట్లో దీపం ఒక్క క్షణం మసకబారి తేరుకోవడం అందరికీ అనుభవమే. వాల్వు ఆంప్లిఫయరులో గట్టిగా మీటినప్పుడు లోపలి సరఫరా సరిగ్గా అలాగే కుంగి తేరుకుంటుంది. దానితో స్వరం మొదట అణగి, తర్వాత విచ్చుకుంటుంది. వేళ్ల కింద మెత్తగా ఉందని వాయిద్యకారులు చెప్పేది దీని గురించే. 1978లో వెలువడిన తొలి ఆల్బం నాటికే ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్‌కు 120 వోల్టుల బదులు 90 వోల్టుల దరిదాపు మాత్రమే ఇచ్చి వాయించేవాడు. లో వోల్టేజీని తిట్టుకునే మనకు ఇది విడ్డూరంగా తోచవచ్చు.

ఆ పైన స్పీకరు ఉండనే ఉన్నది. పన్నెండు అంగుళాల కాగితపు స్పీకరు సుమారు 5 వేల హెర్ట్జ్‌కు మించిన శబ్దాలను పెద్దగా పలకదు. చెవిని గీరే పైస్థాయి గరగర అక్కడే వడకట్టబడుతుంది. స్పీకరు లేకుండా నేరుగా వింటే ఎంత గొప్ప వాల్వు యంత్రమైనా కందిరీగ గూడు రేపినట్టే ఉంటుంది.

లెక్కల్లోకి దిగిన నాదం

డిజిటల్ యంత్రం ఈ గొలుసునంతటినీ అంకెల్లోకి మారుస్తుంది. గిటార్ నుంచి వచ్చే విద్యుత్తును సెకనుకు 48 వేల సార్లో అంతకు మించో కొలిచి, ఒక్కొక్క కొలతకు 'ఈ స్థితిలో వాల్వు ఉంటే ఏం చేసేది' అని లెక్కగట్టి, జవాబును తిరిగి విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపుతుంది. కాలిఫోర్నియాకు చెందిన లైన్ 6 సంస్థ 1996లో ఇటువంటి ఆంప్లిఫయరును, 1998లో చిక్కుడు గింజ ఆకారంలో ఉండే పాడ్ అనే ఎర్రని పెట్టెను విడుదల చేసింది. బల్ల మీద పెట్టుకుని హెడ్‌ఫోన్లతో అర్ధరాత్రి సాధన చేసుకునే వీలు అప్పటి నుంచే విస్తరించింది.

తొలి యంత్రాల్లో లోటుపాట్లు లేకపోలేదు. సినిమాలో వేగంగా పోయే బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం తెలిసిందే. సెకనుకు 24 చిత్రాలు మాత్రమే తీస్తున్నందున కన్ను మోసపోతుంది. శబ్దంలోనూ అదే చిక్కు. శిఖరాలను ఒరిగించే లెక్కలో పుట్టే అతి వేగపు అనుస్వరాలు, కొలతల వేగానికి అందక, పాటతో పొత్తు లేని తప్పుడు స్వరాలుగా కిందికి దిగి వినిపిస్తాయి. దీనిని నివారించాలంటే లోపల మరెన్నో రెట్లు వేగంగా లెక్కించాలి. అందుకు తగిన శక్తి గల చిప్పులు చవకయ్యే వరకు ఆగవలసి వచ్చింది. పాతికేళ్ల కిందట డిజిటల్ నాదాన్ని విని ముఖం చిట్లించినవారి మాట తప్పు కాదు. నేటికీ అదే మాట పట్టుకుని ఉంటే మాత్రం తప్పే.

ప్రస్తుతం మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. సర్క్యూట్‌లోని ఒక్కొక్క భాగాన్నీ లెక్కలో నిర్మించడం మొదటిది. 2006లో వచ్చిన ఫ్రాక్టల్ సంస్థ యాక్స్-ఎఫ్ఎక్స్ ఈ కోవలో పేరుమోసినది. జర్మనీకి చెందిన కెంపర్ 2011లో మరొక దారి పట్టింది. నిజమైన ఆంప్లిఫయరు ముందు మైకు పెట్టి, దాని గుండా పరీక్ష శబ్దాలు పంపి, తిరిగి వచ్చినదాన్ని బట్టి దాని నకలు తయారుచేయడం అందులోని కిటుకు. మూడవది ఇటీవలిది. వాల్వు యంత్రంలోకి వెళ్లిన శబ్దాన్ని, బయటికి వచ్చిన శబ్దాన్ని పక్కపక్కన పెట్టి కంప్యూటరుకు నేర్పించడం. ఈ తరహాలో న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభిస్తోంది. సాధారణ కంప్యూటరు, గిటార్ తగిలించుకునే చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటే సరిపోతుంది. చేతిలో డబ్బు ఆడని విద్యార్థికి ఇది నిజంగా వరమే.

అయితే తర్వాతి రెండు పద్ధతుల్లోనూ వచ్చేది ఛాయాచిత్రం వంటిదే. ఆ క్షణాన మీటలు ఏ స్థానంలో ఉన్నాయో ఆ నాదం చక్కగా వస్తుంది. మీట తిప్పితే అసలు యంత్రం ఎలా మారేదో దానికి తెలియకపోవచ్చు.

తేడా ఎవరికి వినిపిస్తుంది?

వేదిక కింద కూర్చున్నవారికి దాదాపు వినిపించదనే చెప్పాలి. ఏ ఆంప్లిఫయరు నాదమైనా మైకు ద్వారా పెద్ద స్పీకర్లకు చేరి, డ్రమ్ములతో గాత్రంతో కలిసి, వారి చెవిని చేరేసరికి మిగిలే భేదం స్వల్పం. 2013 డిసెంబరు 8న మెటాలికా బృందం అంటార్కిటికాలోని అర్జెంటీనా పరిశోధన కేంద్రం వద్ద కచేరీ చేసింది. అక్కడి పర్యావరణం దృష్ట్యా స్పీకర్లు మోగించలేదు. శ్రోతలంతా హెడ్‌ఫోన్లతోనే విన్నారు. వాల్వు యంత్రాల గోడలకు పేరొందిన ఆ బృందం డిజిటల్ యంత్రాలను ఆశ్రయించింది. ఆ తర్వాత మామూలు వేదికలపైనా వాటినే కొనసాగించింది.

వాయించే వ్యక్తి మాట వేరు. వేలి ఒత్తిడికి యంత్రం ఎలా బదులిస్తున్నదీ అతనికే తెలుస్తుంది. లెక్కకు పట్టే కాలం వల్ల డిజిటల్‌లో స్వరం ఆలస్యమవుతుందన్న ఫిర్యాదు కూడా ఉన్నది. మంచి యంత్రాల్లో ఈ ఆలస్యం సెకనులో వెయ్యవ వంతుల్లో రెండు నుంచి నాలుగు వరకు ఉంటుంది. ధ్వని గాలిలో మీటరు దూరం పోవడానికి సుమారు మూడు వెయ్యవ వంతులు పడుతుంది. అంటే స్పీకరు నుంచి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడితే వచ్చే తేడా అంతే. దీనిని పట్టుకుని యంత్రాన్ని తిట్టడం సబబు కాదు. చవక యంత్రాల్లో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. లోపలి లెక్క బాగానే ఉన్నా చిన్న స్పీకరు, పలుచని చెక్క పెట్టె దానిని మోయలేవు. అదే పెట్టెకు మంచి హెడ్‌ఫోన్లు తగిలించి వింటే సంగతి అర్థమవుతుంది.

వాల్వు యంత్రానికి ఇంట్లో మరొక ఇబ్బంది ఉంది. దాని అందమంతా గట్టిగా మోగించినప్పుడే బయటపడుతుంది. శక్తి పది రెట్లు పెరిగితే గాని శబ్దం చెవికి రెట్టింపైనట్లు తోచదు. ఇటునుంచి చూస్తే, 100 వాట్ల యంత్రాన్ని మాని 10 వాట్లది కొన్నా శబ్దం సగానికే తగ్గుతుందన్న మాట. పదిహేను వాట్ల వాల్వు యంత్రం డ్రమ్ములతో పోటీ పడగలదు. గోడకు గోడ ఆనుకుని ఉండే వీధుల్లో ఇరుగుపొరుగు ఎన్నాళ్లు ఓర్చుకుంటారు? చెవుల సంగతి సరేసరి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు మించి గడపరాదన్నది వృత్తి ఆరోగ్య ప్రమాణం. పూర్తిగా తెరిచిన ఆంప్లిఫయరు ముందు నిలబడితే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

బరువు కూడా చిన్న విషయం కాదు. ఫెండర్ సంస్థ తన ప్రఖ్యాత ట్విన్ రివర్బ్ ఆంప్లిఫయరుకు 2019లో టోన్ మాస్టర్ పేరిట డిజిటల్ రూపం తెచ్చింది. వాల్వులది సుమారు 29 కిలోలు, డిజిటల్‌ది 15 కిలోలు. ఆటోలో వేసుకుని ఊరూరా తిరిగే ఆర్కెస్ట్రా వారికి ఈ తేడా నడుముకే తెలుస్తుంది. పైగా కచేరీ మధ్యలో కరెంటు పోయి జనరేటరుకు మారినప్పుడు వాల్వులు వేడిగానే ఉంటాయి కాబట్టి వెంటనే పలుకుతాయి. పెద్ద డిజిటల్ యంత్రం మాత్రం కంప్యూటరులాగా మళ్లీ మొదటి నుంచి లేవాలి. ఆ కాసేపు గిటారిస్టు బిక్కమొగం వేయవలసిందే. చిన్న యూపీఎస్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

చెడితే బాగుచేసేదెవరు?

ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం రేడియో వాల్వులు తయారుచేసేది. ఊరికొక రేడియో మెకానిక్ ఉండేవాడు. ఆ రోజులు గతించాయి. ఇప్పుడు గిటార్ ఆంప్లిఫయర్లకు పనికివచ్చే వాల్వులు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే రావాలి. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో రష్యా ఎగుమతులను ఆపడంతో ప్రపంచమంతటా గిటారిస్టులు కంగారుపడి వాల్వులు కొని దాచుకున్నారు. తర్వాత సరఫరా తిరిగి మొదలైనా ధరలు పెరిగాయి. తరచుగా కచేరీలు చేసేవారు చివరి దశలోని పెద్ద వాల్వులను ఏడాదికో రెండేళ్లకో మార్చుకోవలసి ఉంటుంది. చిన్నవి చాలా ఏళ్లు మన్నుతాయి.

అయితే దీనికి రెండవ వైపు కూడా ఉంది. 1950ల నాటి వాల్వు యంత్రాన్ని తెలిసినవాడు సాల్డరింగ్ కడ్డీతో నేటికీ బతికించగలడు. లోపలి ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, విడిగా దొరుకుతుంది. డిజిటల్ యంత్రంలో ప్రత్యేకమైన చిప్పు పోతే, కంపెనీ ఆ నమూనాను ఆపేసి ఉంటే, అది పెట్టె కింద లెక్క. పదేళ్ల తర్వాత వాల్వు యంత్రానికి ఎంతో కొంత ధర పలుకుతుంది. డిజిటల్‌కు పలకడం అరుదు. మొత్తం మీద చూస్తే నేర్చుకునే వారికి, అద్దె ఇళ్లలో ఉండేవారికి, మెకానిక్ దొరకని పట్టణాల వారికి డిజిటల్ తగినది. చేయి తిరిగి, తనకు ఏ నాదం కావాలో తెలిసి, గట్టిగా మోగించే చోటు ఉన్నవారు వాల్వు కొన్నా నష్టపోరు. రెండువందల రకాల నాదాలున్న పెట్టె కొని సాధన మాని మీటలు తిప్పుతూ కూర్చునే కుర్రాళ్లు మాత్రం రెండు విధాలా నష్టపోతున్నారు.

అమెరికాలోని బంధువులు తెచ్చి ఇచ్చే యంత్రాల విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడి సరఫరా 120 వోల్టులు, మనది 230. అక్కడి వాల్వు ఆంప్లిఫయరును నేరుగా మన ప్లగ్గులో పెడితే పొగ రావడం ఖాయం. తగిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. చాలా డిజిటల్ యంత్రాల అడాప్టర్లపై 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ అంకెలు చూసిన తర్వాతే స్విచ్చి వేయాలి. అలాగే స్పీకరు తగిలించకుండా వాల్వు యంత్రాన్ని మోగించరాదు. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదముంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. తెలియనివారు మూత విప్పడం ప్రాణాంతకం.

ప్రాణం తీసే ఎర్తింగ్ లోపం

వాల్వు అయినా, చిప్పు అయినా ఒక్క విషయంలో తేడా లేదు. గిటార్ తీగలు కేబులు పైపొర ద్వారా ఆంప్లిఫయరు లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. చట్రానికి కరెంటు తగిలి, ఎర్తింగ్ లేకపోతే ఆ కరెంటు నేరుగా వాయించేవారి వేళ్లలోకి వస్తుంది. అదే సమయంలో వేరొక లైను నుంచి నడిచే మైకుకు పెదవి తగిలితే శరీరమే తీగగా మారుతుంది. స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో వేదికపైనే మైకు తాకి మరణించాడు. యార్డ్‌బర్డ్స్ బృందం గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లో గిటార్ వాయిస్తూ విద్యుదాఘాతానికి బలయ్యాడు. ఇద్దరి విషయంలోనూ ఎర్తింగ్ లోపమే కారణం.

జాతర పందిళ్లలో, తాత్కాలిక వేదికలపై మూడు కాళ్ల ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరిచి రెండు కాళ్ల సాకెట్టులో గుచ్చడం, ప్లగ్గు లేకుండా వైర్లను అగ్గిపుల్లలతో బిగించడం ఇప్పటికీ కనిపిస్తున్నదే. వాన పడి వేదిక తడిస్తే ముప్పు రెట్టింపవుతుంది. గిటార్ ఆంప్లిఫయరుకు, మైకు సెట్టుకు ఒకే ఎర్తింగ్ గల బోర్డు నుంచి సరఫరా తీసుకోవాలి. ఆ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చితే కరెంటు దారి తప్పిన వెంటనే సరఫరా ఆగిపోతుంది. రెండు కాళ్ల అడాప్టరుతో నడిచే చిన్న డిజిటల్ పెట్టెలతోనూ కొన్నిసార్లు వేళ్లకు చిమచిమ తగులుతుంది. దానిని మామూలే అని వదిలేయరాదు. పాట మొదలుపెట్టే ముందు గిటార్ తీగకు ఒకసారి, మైకు జాలీకి ఒకసారి టెస్టరు ఆనించి చూడాలి. రెంటిలో దేనికి దీపం వెలిగినా ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేవరకు గిటార్‌ను ముట్టరాదు.